బిచ్చప్పకు నేనిచ్చిన సెల్లు

మొన్నమొన్నటిదాకా, ఏడేళ్లపాటు ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉండింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. అన్నేళ్లూ భార్యకు చెప్పలేదు. అనంతగిరి గుట్ట మీద స్వామి ముందు నిలబడినప్పుడు కూడా చెప్పలేదు. ఆయనకు తెలుసులే అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఒక మనిషి చావుకు నేను కారణం. అంతకన్నా నీచమైన పని ఇంకొకటి చేశాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందే చెప్పడానికి ధైర్యం చాలడం లేదు.

మాది తాండూరుకు కొంత దూరాన, యాలాల్ వైపు ఒక ఊరు. కంది పండిస్తాం. కాయ పట్టే రోజుల్లో చేలల్లో అడవి పందులు పడతాయి. అందుకని ఒక ఎల్ఈడీ టార్చి తెప్పించుకున్నాను. చూడ్డానికి పిడికిట్లో ఇమిడిపోతుంది. వాగు ఈ గట్టు మీద నిలబడి నొక్కితే ఆవలి గట్టున మోదుగ కొమ్మల్లో పిట్టగూడు కనబడేది. ఊరంతా వచ్చి చూసింది. ఊళ్లో నన్ను పిలిచే పిలుపుతోనే "పటేలు లైటు" అని దానికి పేరు కూడా పెట్టారు. ఆ పేరు వింటే నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

టార్చి కొనడం కాదు, దానికి సెల్లు ఎంచుకోవడమే అసలు విద్య. మళ్లీ మళ్లీ చార్జింగ్ చేసుకునే సెల్లు అది, బొటనవేలంత లావు. పైన తొడుగు మీద ఎంత పెద్ద అంకె వేసి ఉంటే అంత అబద్ధమని తెలుసుకున్నాను. చేతిలో పెట్టుకుంటే తేలిగ్గా ఉన్నది పనికిరాదని, పాత ల్యాప్‌టాపుల్లోంచి పీకినవాటికి కొత్త తొడుగు వేసి అమ్ముతారని తెలుసుకున్నాను. వారం రోజులు వెతికి నికార్సయినది తెప్పించాను. ఊళ్లో ఈ సంగతులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి.

మంచి సెల్లునైనా చూసుకోవాలి. నేను చూసుకోలేదు. ఒక ఎండాకాలమంతా ట్రాక్టరు పెట్టెలో వదిలేశాను. ఆ తర్వాత అది పాడైంది. పాడైనట్టు పైకి కనబడదు, అదే దాని మోసం. చార్జర్‌లో పెడితే ఎర్ర లైటు, నిండాక పచ్చ లైటు, అన్నీ సరిగ్గానే వచ్చేవి. చిన్న వెలుగులో చాలాసేపు నడిచేది. పూర్తి వెలుగు పెడితే మాత్రం నాలుగైదు నిమిషాలకు టక్కున ఆగిపోయేది. మసకబారడం, హెచ్చరించడం ఏమీ ఉండదు. ఒక్కసారిగా చీకటి. మా మిద్దె మీద మూడుసార్లు పరీక్ష చేసి చూశాను. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

బిచ్చప్ప మా ఊరి కురుమ. ఐదో తరగతి దాకా ఇద్దరం ఒకే పలక మీద రాసుకున్నాం. తర్వాత అతను గొర్రెల వెంట పోయాడు, నేను తాండూరు హైస్కూలుకు పోయాను. అప్పటిదాకా పేరు పెట్టి పిలిచినవాడు ఆ తర్వాత "పటేలా" అనడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు. అతని తల్లి కర్ణాటక వైపు మనిషి కావడంతో గొర్రెలతో సగం కన్నడంలో మాట్లాడేవాడు. ఒక్కో గొర్రెను మొహం చూసి గుర్తుపట్టేవాడు.

ఆ ఏడు మందను మళ్లించుకొచ్చే వేళకు కుక్కలు గుంపుగా వచ్చి రెండు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. మరునాడే మా ఇంటికొచ్చాడు. "పటేలా, నీ అసోంటిదే నాకు గూడ ఒకటి తెప్పియ్యవా? మస్తు పరేషానైతున్న" అన్నాడు. తెప్పించాను. టార్చి వచ్చింది, దానితోపాటు మేలైన కొత్త సెల్లు కూడా వచ్చింది.

అతను తీసుకుపోవడానికి వచ్చే సాయంత్రం, రెండు టార్చిలూ పక్కపక్కన పట్టుకుని కొట్టం గోడ మీద వేసి చూశాను. అతనిది తెల్లగా, నిండుగా పడింది. నాది దాని పక్కన వెలవెలబోయింది. కాసేపటికి నాది ఆగిపోయింది కూడా. అతనిది వెలుగుతూనే ఉంది.

అప్పుడు నాకేమైంది? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. దురాశా? కాదు. ఇంకో సెల్లు తెప్పించుకోవడం నాకు ఒక లెక్క కాదు. రేపటి నుంచి ఊళ్లో "బిచ్చప్ప లైటు" అంటారు. అంతే. నా వెనకాల నడవాల్సినవాడి చేతిలో నాకన్నా ఎక్కువ వెలుగు ఉండడం నేను ఓర్చుకోలేకపోయాను. ఇంత చిన్న మనసు నాలో ఉందని ఆ రోజుకు ముందు నాకు తెలియదు. లేదా తెలిసీ దానికి వేరే పేర్లు పెట్టుకున్నానేమో.

వాకిట్లో అతని దగ్గు వినబడింది. రెండు సెల్లులూ ఒకే రంగు, ఒకే కంపెనీ. మార్చేశాను. చెప్పులు తొడుక్కునేంత సేపు కూడా పట్టలేదు.

మందతో నడవడానికి చిన్న వెలుగు చాలులే అనుకున్నాను. వచ్చే వారం ఇంకొకటి తెప్పించి గుట్టుగా మార్చేద్దాంలే అనుకున్నాను. ఆ వారం రాలేదు.

చార్జింగ్ పెట్టే పని అతని భార్య అంజిలమ్మది. ఎట్లా పెట్టాలో నేనే నేర్పించాను. ఎర్రది ఉంటే తీయొద్దు, పచ్చది వచ్చాకే తీయాలి అని చెప్పాను. ఆమెకు చదువు రాదు. కానీ నేను చూసినంతలో ఆ పని ఆమెంత శ్రద్ధగా చేసినవాళ్లు లేరు. చార్జర్‌ను అద్దం పక్కన గూట్లో పెట్టి, బిడ్డ మంజులను కూడా ముట్టనిచ్చేది కాదు.

రెండు నెలలు గడిచాయి. బిచ్చప్ప రోజూ చిన్న వెలుగుతోనే మందను తోలుకొచ్చేవాడు, పూర్తి వెలుగు పెట్టే అవసరం పడలేదు. ముసురు పట్టిన ఒక మాపటిపూట మందలో ఒక గొర్రె తక్కువైంది. ఈననున్న గొర్రె. బిచ్చప్ప మిగతావాటిని దొడ్లో తోలి, టార్చి పట్టుకుని ఊరవతల పాత గని వైపు వెళ్లాడు. మా వైపు నాపరాళ్లు తీసి వదిలేసిన గనులు చాలా ఉన్నాయి. వాటి అంచుల్లో గడ్డి పచ్చగా ఉంటుంది, గొర్రెలు అటే పోతాయి. ఎంత వెలుగున్నా అక్కడ చూసుకుని నడవాలి.

అతను తిరిగి రాలేదు. అతని తమ్ముడు సాయప్ప పరుగున మా ఇంటికొచ్చాడు. "పటేలా, జర నీ లైటు తేవా? అన్న రాలే."

మీకు అర్థమైందా? అతని సెల్లు ఉన్న నా టార్చితో అతన్ని వెతకడానికి వెళ్లాను. గని అంచున బోర్లా పడుకుని కిందికి వేశాను. వెలుగు అడుగుదాకా తిన్నగా దిగింది. రాతి మెట్లు, నీళ్లు, నీళ్ల పక్కన బండ మీద బిచ్చప్ప. తాళ్లు తెచ్చి, మనుషులు దిగి, పైకి తీసేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేనే వెలుగు పట్టాను. అది ఒక్కసారి కూడా తడబడలేదు. ఆగిపోతే బాగుండునని ఒక దశలో మొక్కుకున్నాను. ఆగలేదు.

అతని టార్చి చేతికి తాడుతో కట్టి ఉంది. స్విచ్చి వేసే ఉంది. వెలుగు లేదు.

మూడో రోజు వాళ్ల వాకిట్లో జనం కూర్చున్నారు. నేనూ ఉన్నాను. బిచ్చప్ప తల్లి ఉన్నట్టుండి కోడలి మీద విరుచుకుపడింది. "చార్జింగు పెట్టుడు మరిచింది. నా కొడుకును మింగింది" అని రొమ్ము బాదుకుంది. అంజిలమ్మ నా వైపు తిరిగింది.

"పటేలా, నువ్వే చెప్పు. పచ్చలైటు వచ్చినంకనే తీసిన. నా బిడ్డ మీద ఒట్టు. పచ్చలైటొస్తే నిండినట్టే గద?"

అందరూ నన్నే చూశారు. ఆ సంగతులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గదా.

"నిండిన సెల్లు గంత జల్ది ఆగదు, అంజిలమ్మా" అన్నాను. "మరిచినవేమో, మంచిగ యాది జేసుకో."

ఇదే నేను ముందు చెప్పలేకపోయిన తప్పు. సెల్లు మార్చినప్పుడు ఒక మనిషి చస్తాడని నాకు తెలియదు. ఈ మాట అన్నప్పుడు మాత్రం అన్నీ తెలుసు. ఎవరి మీద పడుతుందో తెలుసు. గొంతు మెత్తగా పెట్టి మరీ అన్నాను. ఆమె తల దించుకుంది.

ఆ తర్వాత అత్త ఆమె చేతి నీళ్లు ముట్టలేదు. చచ్చిపోయేదాకా ముట్టలేదు. మందను మరిది తోలుకుపోయాడు. బావి దగ్గర ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. ఏడాది తిరక్కుండానే బిడ్డను తీసుకుని వికారాబాద్ వెళ్లి, ఒక హాస్టల్ వంటింట్లో పనికి కుదిరింది. కొత్త కందులు వచ్చినప్పుడల్లా నేనొక మూట పంపేవాణ్ణి. "నువ్వు సల్లగుండాలె పటేలా" అని కబురు పంపేది. ఆ దీవెన వచ్చిన రోజు నాకు అన్నం సహించేది కాదు. అయినా మరుసటి ఏడు మళ్లీ పంపేవాణ్ణి. ఎందుకు? ఆమె తిట్టని ప్రతి ఏడూ నాకు ఇంకో ఏడు దొరికినట్టు ఉండేదా? నాకే తెలియదు.

రెండేళ్ల కింద వికారాబాద్ మార్కెట్లో ఎదురైంది. మనిషి సగమైంది. ప్రతి అమాస నాడు అనంతగిరి గుట్ట నడిచి ఎక్కుతున్నానని చెప్పింది. మొక్కేమిటని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"తప్పయింది స్వామీ అని దండం పెట్టొస్త. అప్పుడు ఒప్పుకోకపోతిగని, నేనే మరిచిన పటేలా. ఎర్రలైటు మీదనే తీసిన. ఇప్పుడు కండ్లకు గట్టినట్టు యాదికొస్తది."

ఎన్నడూ జరగనిది ఆమెకు యాదికొస్తోంది. నేనన్న ఒక్క మాట ఆమె తలలోకి వెళ్లి, అక్కడున్న నిజాన్ని చెరిపేసి, తన బొమ్మ గీసుకుంది. మనిషిని చంపడం కన్నా ఇది చిన్నదా? ఆ రోజు నుంచి పొద్దు వాలితే చాలు, నాకు గని అడుగు కనబడేది. అయినా రెండేళ్లు ఊరుకున్నాను. అది కూడా నా ఖాతాలో రాసుకోండి.

పోయిన నెల బస్సెక్కి వికారాబాద్ వెళ్లాను. ఒకే గది ఇల్లు. అంజిలమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బిడ్డ కాలేజీకి పోయింది. కూర్చోమంది. నిలబడే చెప్పాను. గోడ మీద రెండు వెలుగుల దగ్గర నుంచి వాకిట్లో నేనన్న మాట దాకా, ఏదీ తగ్గించలేదు.

ఆమె చేతిలోని చింతపండు పక్కన పెట్టేసింది.

"అయితే నేను మరువలే" అంది. నాతో కాదు. మళ్లీ అంది, "నేను మరువలే."

తర్వాత తలెత్తింది. "మా అత్త బతికుండంగ ఒక్కసారి గీ మాట చెప్తే ఏమాయె?"

 

"రాసియ్యి" అంది. "నా బిడ్డకు సదువొస్తది. అది గూడ నేనే మరిచిన్నని అనుకుంటున్నది."

మంజుల నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది. రాసి, కింద నా పేరు పెట్టి సంతకం చేశాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చదవలేని అక్షరాలను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇగ పో" అంది. జన్మలో మొదటిసారి "పటేలా" అనలేదు.

ఆ ఆదివారం ఊళ్లో సాయప్ప వాకిట్లో, నలుగురి ముందు ఇదే చెప్పాను. సాయప్ప విని, నేల మీద ఉమ్మేసి లేచి లోపలికి పోయాడు. మా ఇంట్లోనూ చెప్పాను. భార్య ఆ రోజు నుంచి అన్నం పెడుతుంది, మాట్లాడదు.

తర్వాత మంజుల ఫోన్ చేసింది. పదిహేడేళ్ల పిల్ల. గొంతు అచ్చం తండ్రిదే. "కాయితం సదివిన. అమ్మకు సదివి ఇనిపిచ్చిన. గప్పటి సంది ఏడుస్తనే ఉన్నది. బాపు పోయినప్పుడు గూడ ఆమె గిట్ల ఏడ్వలే. నువ్వు ఇంక మా ఇంటికి రాకు. కందులు పంపకు" అంది. సరేనన్నాను. ఆ మాట పూర్తికాకముందే పెట్టేసింది.

క్షమించమని ఎవర్నీ అడగలేదు. అడిగే మొహం లేదు. మీరు కూడా ఏమీ అనొద్దు. వింటే చాలు. అంజిలమ్మ ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. ఈ రెండు వాక్యాలు రాశాక కూడా గుండె మీద బరువు తగ్గలేదు. కానీ ఇన్నేళ్లుగా ఆమె మోసినదాన్ని ఇప్పుడు నేను మోస్తున్నాను, అది ఉండాల్సిన చోట ఉంది.