పైనుంచి కనిపించని కళ్ళు

పోయిన నెల మా ఆంటీ చనిపోయారు. బంధువు కాదు. చదువుకోవడానికి దేశం దాటి ప్లేనో వచ్చిన నాకు మేడ మీద గది అద్దెకిచ్చిన ఇంటావిడ. కాలేజీలో ఉన్న నాకు అంకుల్ ఫోన్ చేసి, "నిద్రలోనే పోయిందమ్మా. మీరిద్దరూ నదికి వెళ్ళాల్సింది ఈ శనివారమే కదూ?" అన్నారు.

ఆ నది సంగతి చెప్పాలంటే ముందు తాబేళ్ళ సంగతి చెప్పాలి.

ఆంటీ పెళ్ళికి ముందు గుంటూరులో జువాలజీ లెక్చరర్. ఇక్కడికొచ్చాక డిపెండెంట్ వీసాలో ఉద్యోగం కుదరలేదు. తర్వాత పిల్లలు. పాఠం చెప్పే పని మళ్ళీ దొరకనే లేదు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. తాబేళ్ళ మీద నా రీసెర్చ్ అంటే మా అమ్మకి ఇప్పటికీ అయోమయమే. ఆంటీ మాత్రం ఆ మాట విన్న రోజే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. నేను గీసిన బొమ్మలు చూసి, "తెలిసింది కాదమ్మా, కనిపించింది గియ్యి," అనేవారు.

ఒక మే నెల ఉదయం ఎదురింటి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, మా డ్రైవ్‌వేలో ఎలిగేటర్ తాబేలు! అసలే తాబేలు చొచ్చిన ఇల్లు బాగుపడదంటారు."

"అది నీ ఇంటికి రాలేదు తల్లీ. గుడ్లు పెట్టుకోవడానికి పోతోంది. నీ ఇల్లే దానికి అడ్డొచ్చింది."

కరిచే తాబేళ్ళు మా వైపు రెండు రకాలు. కాలువల్లో, చెరువుల్లో ఉండేది మామూలు రకం. తూర్పున నదుల్లో అరుదుగా కనిపించేది ఎలిగేటర్ రకం. దాని డిప్ప మీద కాకరకాయ మీద ఉన్నట్టు గట్లు, మూడు వరసలు. కానీ చిన్నప్పుడు మామూలుదాని వీపూ గరుకే కాబట్టి ఆంటీ వీపును నమ్మేవారు కాదు. వెనకగా, దూరంగా నిలబడి తల పైనుంచి చూసేవారు. మామూలుదైతే కళ్ళు కనిపిస్తాయి. రెండోదాని కళ్ళు బాగా పక్కలకుంటాయి, పైనుంచి కనిపించవు.

"కళ్ళున్నాయి. మామూలుదే," అన్నారు ఆంటీ, కొంచెం డీలాపడి. వెంటనే తాబేలుతో, "నీ తప్పేముందిలే," అన్నారు.

దాన్ని కార్ మ్యాట్ మీదికి ఎక్కించి, అది వెళ్తున్న వైపుకే లాగి వదిలాం. అంకుల్ గుమ్మంలోంచి, "నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూసిందా మీ ఆంటీ?" అన్నారు.

"మీది మామూలు రకమేనని పెళ్ళిచూపుల్లోనే తేలిపోయిందిలెండి."

ఆ రెండో రకాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆంటీ కోరిక. ఈ వసంతంలో నదిలో తాబేళ్ళ సర్వేకి ఆవిడను వెంట తెచ్చుకోవడానికి మా ప్రొఫెసర్ ఒప్పుకున్నారు. ఆంటీ రబ్బరు బూట్లు కొనుక్కుని గరాజ్‌లో అటూ ఇటూ నడిచి చూసుకున్నారు. అంతలో వానలకు నది పొంగి సర్వే, అంకుల్ అన్న ఆ శనివారానికి వాయిదా పడింది. "నది ఎక్కడికి పోతుందిలే," అన్నారు. నిజమే, నది ఎక్కడికీ పోలేదు.

అంకుల్ ఆ బూట్లు నాకిచ్చారు. నాకు వదులు. రెండు జతల సాక్స్ తొడుక్కుని సర్వేకి వెళ్ళాను. వల పైకి లాగేసరికి నాచు పట్టిన పెద్ద డిప్ప, మూడు వరసల గట్లు. అయినా ఆంటీ లాగే వెనక నిలబడి, తల పైనుంచి చూశాను.

కళ్ళు కనిపించలేదు. ఆంటీ కూడా చూడాలన్నట్టు, నాకు తెలియకుండానే, కాస్త పక్కకి జరిగి నిలబడ్డాను.