సీల్ మీద గీత

ఇంకెన్నిసార్లు అంటరు అదే మాట? జోయెల్ స్పీడ్‌గ పోయిండు, అందుకే పడ్డడు. మా బండ్ల గ్రూపుల ఎవడన్న కొత్తోడు చేరితే చాలు, వానికి ముందు చెప్పే కథ ఇదే. నిన్న మళ్ల పెట్టిన్రు. "బ్రదర్, ఎక్కువ ఎగురకు, మా జోయెల్ లెక్క అయితవ్." కింద వరుసగ నవ్వు బొమ్మలు. నాకు మండింది. ఫోన్ గోడకేసి కొడ్దామనుకున్న. పెద్ద రిప్లై టైప్ చేసిన. మళ్ల తుడ్సేసిన. మూడేండ్ల సంది ఇదే పని. టైప్ చేసుడు, తుడ్సుడు. ఇంక మోసుడు నాతోని కాదు.

నువ్వెవరో నాకు తెల్వదు. నేనెవరో నీకు తెల్వదు. అందుకే నీకు చెప్పగలుగుతున్న. జోయెల్ పడ్డది స్పీడ్ వల్ల కాదు. నా వల్ల.

జోయెల్, నేను ఇంటర్ల ఒకే బెంచి. వాళ్లు మెదక్ నుంచి వచ్చినోళ్లు, అబిడ్స్‌ల ఒక గల్లీల ఉంటరు. మాది నాంపల్లి, స్టేషన్ వెనక అపార్ట్‌మెంట్. ఉద్యోగం వచ్చినంక వాడు సెకండ్‌హ్యాండ్‌ల డర్ట్ బైక్ కొన్నడు. మట్టిల, గుట్టల మీద తిప్పే బండి. దాని ముందటి ఫోర్కులు మెత్తబడ్డయి. ఎగిరి దిగితే ధన్‌మని చేతులకు తగిలేది. ఫోర్కులంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు. లోపల స్ప్రింగు, నూనె ఉంటయి. ఆ నూనె బయటికి కారకుండ ఒక రబ్బరు రింగు ఉంటది, దాన్నే ఆయిల్ సీల్ అంటరు.

వాడు వర్క్‌షాపుల ఇస్తా అన్నడు. నేనే వద్దన్న. వర్క్‌షాపోడు చేసేదేముంది, ఇంట్లనే చేస్తా అని గ్రూపుల అందరి ముందట రాసిన. నా అనుభవమెంత? మా నాయిన బండికి చైన్ మార్చిన. మిగతాదంత ఫోన్ల చూసిందే. అయినా రాసిన. బండ్ల సామాన్లు దొరికే రాణిగంజ్ పోయి గట్టి స్ప్రింగులు, చిక్కటి ఆయిల్, రెండు కొత్త సీళ్లు తెచ్చినం.

ఆదివారం పెట్టుకున్నం. వాడు పొద్దున్నే బండి మా పార్కింగుల పెట్టి, తెల్ల షర్టుకు మరక అయితదని దూరం నుంచే తాళాలు ఇసిరి, చర్చికి పోయిండు. ఆరాధన అయి వచ్చేసరికి బండి రెడీ ఉండాలె. మూడు గంటలకు ఎల్బీ నగర్ అవతల గుట్టల దగ్గర గ్రూపంత కలుస్తరు.

ఇటుకలు పెట్టి ముందు చక్రం లేపిన. ఫోర్కులు ఊడదీసిన. పాత నూనె నల్లగ కారింది, కంపు. ఫోన్‌ను కరెంటు మీటర్ డబ్బా మీద నిలవెట్టి, వీడియో చూసుకుంట చేస్తున్న. చేతులన్ని జిడ్డు, స్క్రీన్ మీద వేలు పనిచేస్త లేదు. వీడియోల మనిషేమో నిమ్మలంగ మాట్లాడుతుండు. నాకు ఆగదు గద. వేలి కణుపుతోని రెండుసార్లు కొట్టిన, పది సెకన్లు ముందుకు దుంకింది. మళ్ల కొట్టిన. మళ్ల దుంకింది. అసలు మాట ఆ ఇరవై సెకన్లల్లనే ఉండె. గొట్టం అంచు పదునుగ ఉంటది, దాని మీద పల్చటి కవరు తొడిగి, నూనె రాసి, అప్పుడు సీల్ ఎక్కియ్యాలె. పాల ప్యాకెట్ కవరైనా నడుస్తది. మా వంటింట్ల ఆ పొద్దున కత్తిరిచ్చినయి నాలుగున్నయి.

నేను ఉత్తగొట్టం మీదనే ఎక్కిచ్చిన. ఒకటి ఎక్కింది. రెండోది, బ్రేక్ ఉన్న దిక్కుది, అంచు మీద పట్టేసింది. కోపంల ఒత్తిన. తీసి చూస్తే సీల్ లోపలి పెదవి, నూనెను ఆపే పల్చటి రబ్బరు, దాని మీద గీత. గోరంత. వెంట్రుకేమో అని ఫోటో తీసి జూమ్ చేసిన.

గీతనే.

ఇక్కడ జర ఆగు. ఇప్పటిదాంక అయింది తెల్వక చేసింది. దానికైతే నేను ఇదంత రాసేటోన్నే కాదు. ఇంకో సీల్ లేదు, ఆదివారం షాపులు బంద్. ఫోన్ కొట్టి "ఇయ్యాల కాదురా, రేపు" అనొచ్చు. అంటే ఏమైతుండె? వర్క్‌షాపుల ఇస్తే అయిపోతుండె గద అని వాడంటడు, గ్రూపుల రెండు రోజులు నన్ను ఆడుకుంటరు. అంతే గద? అంతకు ఎక్కువేం లేదు గద? కానీ ఆ టైంకు నాకు గ్రూపే కనిపించింది, వాని కాలు కనిపియ్యలే. వీడియో వెనక్కి తిప్పి, పాల కవరు కడిగి, తొడిగి, వీడియోల చెప్పినట్టే బుద్ధిగ ఎక్కిచ్చిన. గీత ఉన్న సీల్‌నే.

వాడొచ్చి హ్యాండిల్ పట్టుకొని నాలుగుసార్లు ఒత్తి చూసిండు. "కిరాక్ చేసినవ్ రా" అన్నడు. నేను నవ్విన.

వాడు ముందు, నేను స్కూటర్ మీద వెనక. అబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ నిండ పుస్తకాలు పరిచి ఉంటయి, జనం రోడ్డు మీదికొస్తరు. సిగ్నల్ దగ్గర చాలసేపు ఆగినం. వాని పక్కకొచ్చి చూసిన. ఫోర్కు మీద సన్నగ మెరుస్తుంది. సీల్ నుంచి కిందికి, బ్రేక్ దిక్కు, ఒక చార. ఆ నూనె డిస్కు మీదికి, అంటే బ్రేక్ పట్టే ఇనుప పళ్లెం మీదికి పోతే బ్రేక్ జారుతదని నాకు తెల్వదా? తెల్సు. నోరు తెరిచిన. వాడు హెల్మెట్‌లకెళ్లి ఏందన్నట్టు తల ఎగరేసిండు. గ్రీన్ పడ్డది. వెనకకెళ్లి ఆటోవాలా హారన్. "ఏంలే, పో" అన్న.

గుట్ట దిగేకాడ నేనొక్కన్నే ఉన్న. మిగతావాళ్లు అవతలి దిక్కున్నరు. వాడు మెల్లగనే దిగిండు. రాయి దగ్గర తిరగాలె, తిరగలే, సీదా పోయిండు. బండి వాని కాలు మీద పడ్డది. ఉరికిన. బండి లేపి కాలు బయటికి తీసిన. మోకాలు ఉండాల్సిన తీరుగ లేదు.

"బ్రేక్ పట్టలేదురా," అన్నడు.

"నువ్వు స్పీడ్‌లున్నవ్ రా."

"లేదురా. మెల్లగనే. లివర్ మొత్తం ఒత్తిన."

"నేను చూసిన గద. స్పీడ్‌లున్నవ్. భయంల నీకు తెల్వలే."

నా మొకం దిక్కు చూసిండు. వాని మొకమంత దుమ్ము.

"ఔనా?" అన్నడు.

"ఔ."

తర్వాత, గ్రూపోళ్లు ఇటు దిక్కు ఉరికొచ్చేలోపల, నేను బండి దగ్గర కూసొని దస్తీతోని ఫోర్కు తుడ్సిన. డిస్కు తుడ్సిన. కాలు బయటికి తీసినంకనే తుడ్సిన, ముందు కాదు. ఇది నిజమా, లేకపోతే నాకు నేను చెప్పుకునేదా? నిజమే అనుకుంటున్న. అనుకుంటున్న, అంతే.

దవాఖానల ప్లేట్లు వేసిన్రు. స్పీడ్ అని గ్రూపుకు చెప్పింది నేనే. ఈ కథ పుట్టింది నా నోట్లకెళ్లి. జోయెల్ వాళ్లు బండి అమ్మేముందు, రిపేరు నేను చూసుకుంట అని తెచ్చి, ఎవ్వరికి తెల్వకుండ ఆ సీల్ మార్చిన కూడ. జోయెల్ వాళ్ల అమ్మ, నేను ఆంటీ అంట, ఆ వారం ఇంట్ల ప్రార్థన పెట్టి, "ఈ బిడ్డ పక్కన లేకుంటే నా కొడుకు ఏమైపోతుండెనో ప్రభువా" అని నా పేరు తీసి స్తోత్రం చెప్పింది. అందరు మోకాళ్ల మీద ఉన్నరు. జోయెల్ ఒక్కడు కుర్చీల. మోకాలు మడ్తపడదు. ఇప్పటికి గూడ కుర్చీలనే.

కానీ నన్ను తినేది మోకాలు ఒక్కటే కాదు. వాడు ఆ తర్వాత హ్యాండిల్ పట్టలే. నా స్కూటర్ ఇస్తా అన్నా వద్దంటడు. ఒకసారి అన్నడు, "నా చెయ్యి బ్రేక్ ఒత్తిందనే ఇంకా అనిపిస్తదిరా, అంటే నా మాట నేనే నమ్మొద్దన్నట్టు గద." వాని చెయ్యి నిజమే చెప్పింది. అబద్ధమని నేను నమ్మిచ్చిన. కాలు విరిగింది సీల్‌తోని. వాని మీద వానికున్న నమ్మకం మాత్రం నా నోటితోని.

ఆ ఫోటో ఇంకా నా ఫోన్ల ఉంది. ఇయ్యాల పొద్దున జోయెల్‌కు పంపిన. సిగ్నల్, దస్తీ, అన్ని చెప్పుకుంట వాయిస్ పెట్టిన. విన్నడు. నాతోని ఇంక మాట్లాడకపోవచ్చు. ఆంటీ నన్ను గడప ఎక్కనియ్యకపోవచ్చు. నన్ను మన్నించమని నేను ఎవర్ని అడుగుత లేను. మూడేండ్లల్ల మొదటిసారి టైప్ చేసింది తుడ్సకుండ ఉంచిన, అంతే. ఛాతీ మీదకెళ్లి ఏదో దిగినట్టుంది.

ఈ రాసిందే మా బండ్ల గ్రూపుల గూడ పెడ్తున్న, ఫోటోతోని సహా. నవ్విన్రు గద నిన్న. గీత కనిపిస్తుంది గద, జూమ్ చెయ్యిండ్రి. ఇప్పుడు గూడ జోయెల్ స్పీడ్‌గ పోయిండు అనే దమ్ము మీల ఎవరికుంది?