పుట్టిల్లున్న పడవ

బీబీపేటలో పుట్టిన సాలవ్వకు చిన్ననాటి నుంచీ ఒక గుణం ఉండేది. తన విస్తట్లో ఏముందో పక్క విస్తరి చూస్తే గాని ఆమెకు తెలిసేది కాదు. గాజులు వేయించుకుని లేచాక కూడా, తర్వాత కూర్చున్న పిల్ల చెయ్యి చూసి మళ్ళీ కూర్చునేదట. ఎల్లారెడ్డి దగ్గర చేపలు పట్టే ఇంటికి పెద్దకోడలుగా వచ్చేటప్పుడు ఆ గుణాన్నీ వెంట తెచ్చుకుంది.

నిజాంసాగర్ నిండి మంజీర ఒడ్డు చేలు మునిగిన కొత్తలో ఆ ఇంటికి రెండు పడవలు వచ్చాయి. రెండూ ఎవరెవరో వాడి అమ్మినవే. సాలవ్వ పెనిమిటి మైసన్న, మరిది మల్లన్న వేరుపడుతున్నారు. చెరొక పడవ అనుకున్నారు గాని, ఏది ఎవరిదో అనుకోలేదు.

పెద్దది గోదావరి పడవ. అత్త హన్మవ్వ కాపురానికి రాకముందే కట్టినదట. టేకు చెక్కలు నూనె తాగి తాగి నల్లబడ్డాయి. రెండు తెరచాపలెత్తే గుంజలు, తాటాకు కప్పు, దాని కింద వండుకోవడానికి మట్టిపొయ్యి. ఒకప్పుడు ఒక సంసారమంతా అందులోనే రోజుల తరబడి తిరిగేదని అమ్మినవాళ్ళు చెప్పారు. దాన్ని ఎడ్లబండ్ల మీదికెక్కించి ఇంతదూరం తెచ్చేసరికి ఎడ్లు నురగలు కక్కాయి.

చిన్నది ప్రాజెక్టు కట్టేటప్పుడు ఒక ఇంజనీరు దొర షికారుకు చేయించుకున్నది. తెల్లరంగు, ఒకటే తెరచాప, సోడాబుడ్లు పెట్టుకోవడానికి మూత ఉన్న పెట్టె. నలుగురెక్కితే ఐదోవాడికి చోటు లేదు.

"పెద్దకోడలే ముందు కోరుకోవాలె" అంది హన్మవ్వ.

సాలవ్వ సంతలో కుండలు చూసినట్టు రెంటినీ తట్టి చూసింది. చిన్నదాని తెలుపు కళ్ళకు ఇంపుగానే ఉంది. కాని పెద్దదాని అడుగున పసుపు కలిపిన బియ్యం కనబడ్డాయి. అమ్మిన ఇంటి ఇల్లాలు ఆడబిడ్డను సాగనంపినట్టు దానికి ఒడిబియ్యం పోసి పంపింది. దొరకు ఆ మర్యాద ఎక్కడిది?

"నాకు గిదే. పుట్టిల్లున్న పడవ" అని సాలవ్వ యారాలి వైపు తిరిగింది. యారాలంటే తోడికోడలు, మల్లన్న భార్య ముత్తవ్వ. "నీకు గది సరిపోతది, చెల్లె. తల్లిలేని పిల్లకు తల్లిలేని పడవ."

ముత్తవ్వకు నిజంగానే తల్లి లేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళి బియ్యంలో పసుపు కలుపుకొచ్చి, తెల్లపడవలో తన చేతులతో తానే పోసింది.

వాన లేని రోజుల్లో కూడా పెద్దపడవ అడుగున నీళ్ళూరేవి. ఒడిబియ్యం ఉబ్బి, పులిసి, వాసన కొట్టాయి. మైసన్న గడ వేస్తుంటే సాలవ్వ ఒంగి డొప్పతో నీళ్ళు తోడేది. తలెత్తితే చాలు, తెల్ల తెరచాప కనబడేది. గాలి నిండిన ఆ చాప కింద ముత్తవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేది. సంతకు పోయేవాళ్ళు "దొర పడవ రానీ, దాంట్లనే ఎక్కుదం" అని రేవులో నిలబడిపోయేవారు.

ఒకనాడు సాలవ్వ ఎవరూ చూడకుండా తెల్లపడవలోకి తొంగిచూసింది. సోడాబుడ్ల పెట్టెలో ముత్తవ్వ పోసిన బియ్యం పొడిగా, పచ్చగా, నిన్న పోసినట్టే ఉన్నాయి. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

"ఏందే, పానం బాగలేదా?" అన్నాడు మైసన్న.

"నా పానానికేమైంది? పెద్దకోడలు నీళ్ళు తోడుతది, చిన్నకోడలు దొరసాని లెక్క ఊరేగుతది. సూసుకుంట కూసో."

అదే మాట అత్త దగ్గర ఏడ్చి, అలిగి, మళ్ళీ ఏడ్చి చెప్పింది. చివరికి హన్మవ్వ విసిగిపోయి "మార్సుకోండ్రి, నా చెవులన్న సల్లగుంటయి" అంది.

ముత్తవ్వ అడ్డం చెప్పలేదు. పెట్టెలోని బియ్యం మాత్రం కొంగులోకి ఎత్తుకుంది.

"గవి పడవ బియ్యం గదనే! పడవ నాదైతే బియ్యం నాయి గావా?"

"నేను పోసిన ఒడి, అక్కా" అని ముత్తవ్వ వెళ్ళి నల్లపడవలో పోసుకుంది.

ఎండాకాలం నీళ్ళు వెనక్కు జరిగాయి. మల్లన్న పెద్దపడవను ఒడ్డు మీద బోర్లించాడు. కామారెడ్డి బజారు నుంచి గుగ్గిలం తెచ్చి, నూనెలో కాచి, సందుసందునా నారతో పాటు కూరాడు. ఆ పని మైసన్నకూ చేతనవును. కాని చేయించాల్సిన మనిషి నీళ్ళు తోడుతూ పక్క పడవను చూస్తూ గడిపింది.

వానలు పడ్డాక ఆ పడవలో చుక్క ఊరలేదు. గొర్రెలకాపర్లు మందకు మందనే అందులో దాటించసాగారు. తాటాకు కప్పు కింద ముత్తవ్వ పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు కాల్చేది. ఆ వాసన నీళ్ళ మీదుగా వచ్చి తెల్లపడవలో చద్ది తినే సాలవ్వకు తగిలేది.

"మంచిగున్న పడవను ఇచ్చేసుకున్నం గదా" అంది మొగుడితో.

"ఇచ్చేసుకున్నమా? కొట్లాడి ఇచ్చినవ్" అన్నాడతను.

ఎల్లారెడ్డి సంతనాడు నడినీటిలో గాలి పడిపోయింది. తెల్ల తెరచాప తడిగుడ్డలా వేలాడింది. తెడ్డు ఒడ్డు మీదే మరిచారు. గొర్రెల అరుపులతో నల్లపడవ మెల్లగా పక్కకు వచ్చింది. మల్లన్న గడ ఆపాడు. ముత్తవ్వ తాడు విసిరింది.

"పట్టుకో, అక్కా."

సాలవ్వ పట్టుకుంది. పట్టుకుని పైకి చూసింది. పొయ్యి, కప్పు, గొర్రెలు, పొడిగా ఉన్న అడుగు.

"మల్ల మార్సుకుందమా?" అంది ముత్తవ్వ. "నాకు ఏదైనా సమ్మతే."

అవునన్న మాట సాలవ్వ నాలుక మీదికి వచ్చింది. అంతలో ముత్తవ్వ చూపు తన తెల్లపడవ మీద, సోడాబుడ్ల పెట్టె మీద ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. మాట వెనక్కు పోయింది.

"గట్లెట్ల? నీకేది మనసున్నదో ముందు నువ్వు చెప్పు."

ముత్తవ్వ నవ్వి, రొట్టె తిరగేసింది. తాడు బిగిసి తెల్లపడవ కదిలింది. ఒడ్డు వచ్చేదాకా సాలవ్వ అడుగుతూనే ఉంది.