పొద్దు గూకేదాకా మా అత్త నోరు

మొన్న మంగళవారం సాయంత్రం, పొద్దు గూకడానికి ఇంకా కాస్త సమయం ఉండగా, మా అత్త పోయింది. రంజాన్ నెల నడుస్తోంది. ఒకపొద్దు మీదే పోయింది. మా దూదేకుల ఇళ్ళల్లో రోజా ఉపవాసాన్ని ఒకపొద్దు అనే అంటాం.

మట్టి ఇచ్చి వచ్చిన దగ్గర్నుంచి గడప తొక్కిన ప్రతివాళ్ళూ "బంగారం లాంటి మనిషి" అంటున్నారు. వింటుంటే ఒళ్ళు మండుతోంది. వీళ్ళలో ఆవిడ చేత తిట్లు తిననివాళ్ళు ఒక్కరు లేరు. మొన్నమొన్నటి దాకా ఆవిడ ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకున్నవాళ్ళే అందరూ. బంగారమన్న ఆ మాట నేను అనలేను. ఆవిడతో ఒకే పొయ్యి దగ్గర బతికినదాన్ని. ఆవిడ మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. ఉన్నదున్నట్టు రాస్తాను. చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే.

మాది నరసరావుపేట. మా నాన్న బజారులో పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో ఒకపొద్దు రోజుల్లో కూడా మధ్యాహ్నం నమాజుకి ముందు వేపపుల్లతో పళ్ళు తోముకునేవాళ్ళం. అది తప్పని ఎవరూ అనగా వినలేదు. పెళ్ళయి చిలకలూరిపేటకి పడమరనున్న ఈ ఊరు వచ్చాను. ఆ ఏడు రంజాన్ సరిగ్గా మిరపకాయల కోతల మీద పడింది. మా ఆయన దూది ఏకడానికి దర్శి వైపు ఊళ్ళు తిరుగుతుంటే, అత్తా నేనూ ఒక పెద్ద ఆసామి మిరప కల్లంలో కాయలు ఏరే పనికి వెళ్ళేవాళ్ళం.

తెల్లవారకముందు అన్నాలు తిన్నాక ఆవిడ బొగ్గూ ఉప్పూ నూరుకుని పళ్ళు తోముకునేది. తోమడమంటే అలా ఇలా కాదు, అంట్లు తోముతున్నట్టు వినపడేది. తర్వాత గొంతులోంచి ఖాండ్రించి పుక్కిలించేది. వీధి వీధంతా ఆ చప్పుడుకే లేచేది. మొదటి రోజు అది ముగించి, మూతి తుడుచుకుంటూ నాకు చెప్పింది.

"తోముకునేదేదో ఇప్పుడే తోముకో. మళ్ళీ పొద్దు గూకేదాకా నోట్లో పుల్ల పెట్టావంటే ఊరుకోను."

"మా పుట్టింట్లో పెట్టుకుంటాం అత్తా. తప్పు లేదంట."

"మీ పుట్టింట్లో పరుపుల మీద కూర్చుని ఒకపొద్దులుంటారు. ఇక్కడ అవేం కుదరవు."

అక్కడ మొదలైంది మా ఇద్దరికీ. అసలే నాకు కుడి దవడ పన్ను పుచ్చి ఉంది. మిరప కల్లం గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఎండిన కాయని కలియబెట్టి రంగు పోయిన తాలు కాయ ఏరుతుంటే లేచే దుమ్ము ముక్కులోకీ కళ్ళలోకీ పోతుంది, కొంగు ఎంత బిగించి కట్టుకున్నా నోట్లోకి పోతుంది. పుచ్చుపన్నులో ఆ కారం పడితే ప్రాణం తోడేసినట్టుంటుంది. నోరు కడుక్కుంటే గాని తగ్గదు. కడుక్కోకూడదని ఆవిడ. మధ్యాహ్నమయ్యేసరికి నాలుక పిడచగట్టి, చిగురు వాచి, నా నోటి కంపు నాకే తెలిసేది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళతో మాట్లాడాలంటే సిగ్గుగా ఉండేది.

మా ఆయన ఇంటికి వచ్చినప్పుడు ఏడ్చి చెప్పాను. ఆయన వెళ్ళి మసీదులో నమాజు చేయించే హజ్రత్ గారిని అడిగి వచ్చాడు. పుల్లతో ఏ వేళైనా తోముకోవచ్చట. అది ప్రవక్త గారికి ఇష్టమైన పనేనట. పళ్ళపొడి అయితే రుచి తగులుతుంది కాబట్టి పగటిపూట మానుకోవడం మంచిదట. నీళ్ళు పుక్కిలించి ఊస్తే ఒకపొద్దుకి ఏమీ కాదు, గొంతు దిగకుండా చూసుకుంటే చాలన్నారట. నేను గెలిచాననుకున్నాను.

ఆవిడ రొట్టె కాలుస్తూ అంతా విన్నది. "ఆయన పొద్దస్తమానం మసీదు నీడన కూర్చుంటాడు. ఆయన నోరు ఎవరు చూడొచ్చారు? నీ నోరు అందరూ చూస్తారు," అని నా వైపు తిరిగింది. "ఈ నెల్లాళ్ళూ నీ నోరు నీది కాదే పిల్లా. మనందరిదీ."

ఆ మాట నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. ముసల్దానికి పెత్తనం కావాలి, అంతే అనుకున్నాను. కల్లంలో ఆవిడ చేసే వజూ చూస్తే ఇంకా చిరాకు పుట్టేది. నమాజుకి ముందు నోరూ కాళ్ళూ చేతులూ కడుక్కోవడం ఎవరైనా ఒక పక్కకి వెళ్ళి చేస్తారు. ఆవిడ పనిగట్టుకుని నలుగురి మధ్యకీ వచ్చి కూర్చునేది. నోట్లో నీళ్ళు తడి తగిలిందా లేదా అన్నట్టు పోసుకుని, అందరికీ కనపడేలా ముందుకు ఊసేది. ఎంత డాబు అనుకునేదాన్ని.

సంగతి నాకు తెలిసిన రోజు చెబుతాను. ఆ రోజు ఎండ మండిపోతోంది. దవడ చెంప దాకా పొంగింది. ఇక నావల్ల కాలేదు. కంచెలో ఉన్న వేపచెట్టు పుల్ల ఒకటి విరిచి, మంచినీళ్ళ కుండల వెనక్కి వెళ్ళి, చాటుగా కూర్చుని తోముకున్నాను. పుక్కిట నీళ్ళు పట్టి నొప్పి మీద ఆడించాను. చల్లగా ఉంటే అలాగే ఉంచుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆసామి భార్య కుండల దగ్గరికి వచ్చింది.

కుండల వెనక, బుగ్గల నిండా నీళ్ళతో, ఒకపొద్దు ఉన్నానని చెప్పిన మనిషిని. ఆసామి భార్య కళ్ళకి ఇంకేం కావాలి? ఆవిడ నోరేమన్నా చిన్నదా, కల్లమంతా వినపడింది.

"చూశారటే ఈ వేషాలు! ఒకపొద్దు ఒకపొద్దు అని పొద్దుండగానే లేచి ఇళ్ళకి పోతారు, ఇక్కడ చాటుగా నీళ్ళు తాగుతున్నారు. రేపట్నుంచి మీవాళ్ళు కూడా అందరితోపాటు చీకటి పడేదాకా ఉండాల్సిందే. ఎవర్నీ ముందు పంపేది లేదు."

కల్లంలో మా వాళ్ళు చాలామందే ఉన్నారు. అందరూ నన్నే చూశారు. ఆ చూపులకి నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళలో ఒకామె నాకు వినపడేలా అంది. "మీ అత్త ఎన్నేళ్ళు ఆసామి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడితే మనల్ని ముందు పంపడానికి ఒప్పుకున్నారే. మావాళ్ళ నోట్లో పొద్దు గూకేదాకా చుక్క పడదు, పడితే నన్నడగండని మాటిచ్చింది. పాడు చేశావు కదే తల్లీ."

పొద్దుండగా ఇంటికి చేరితేనే పొయ్యి వెలిగించుకుని, మసీదులో బాంగు పిలుపు వినపడే వేళకి ఇంటిల్లిపాదికీ ఒకపొద్దు విడవడానికి ఏదో ఒకటి వండిపెట్టగలం. చీకటి దాకా కల్లంలో ఉంటే, తెల్లారకముందు తిన్న మెతుకుల మీద రాత్రి దాకా మాడాలి. పసిపిల్లల తల్లులైతే ఒకపొద్దులే మానుకోవాలి. ఆ సంగతి ఆవిడ నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను పన్ను పీకించుకుని అయినా కూర్చునేదాన్ని. చెప్పలేదు. మనిషికి చెప్పడం తెలియదు, అరవడం తెలుసు. నా కోపం అదే.

అత్త కాయల రాశి దగ్గర్నుంచి లేచి వచ్చింది. నన్ను కొడుతుందనే అనుకున్నాను. నా మొహం కూడా చూడలేదు. తన వజూ చెంబు తీసి కుండలోంచి అంచు దాకా నింపింది. ఆసామి భార్య ముందుకి వెళ్ళి నిలబడింది. చెంబెత్తి, బుగ్గలు పగిలేలా నోటి నిండా నీళ్ళు పోసుకుంది. నోరు తడవడానికే భయపడే మనిషి, ఆ ఎండలో, ఆ నీళ్ళని అలా పట్టుకుని, ఆసామి భార్య కళ్ళలోకి చూస్తూ నిలబడింది. ఎంతసేపని చెప్పను, అందరం చేతిలో పని ఆపి చూస్తున్నాం. కుడి బుగ్గకీ ఎడమ బుగ్గకీ ఆడించింది. తర్వాత మొత్తం చెంబులోకే ఊసేసింది. చెంబు నిండి అంచు మీంచి పొర్లింది.

ఆ చెంబుని ఆసామి భార్య మొహం దగ్గరికి తీసుకెళ్ళింది.

"చూసుకోండమ్మా. పోసుకున్నవి వచ్చినయ్యా లేదా? తక్కువైతే చెప్పండి."

"ఛీ ఛీ, అవతలికి తియ్. ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"మీరన్నమాటే చెయ్యమంది. మా కోడలికి పన్ను పుచ్చింది. నోరు కడుక్కుంది, తాగలా. నమ్మకపోతే దానితోనూ ఇట్టాగే చేయిస్తా. తర్వాత మీ వంతు. మీ నోట్లో పోసుకుని ఒక్క చుక్క దిగకుండా మళ్ళీ ఇందులో ఊసి చూపించండి. అప్పుడు మమ్మల్ని చీకటి దాకా ఉంచండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆసామి భార్య మొహం కందగడ్డ అయింది. "నీతో నాకెందుకే, పొండి, ఎప్పుడు పోతారో అప్పుడే పొండి," అని విసురుగా వెళ్ళిపోయింది. ఆ రోజూ పొద్దుండగానే ఇళ్ళకి వచ్చాం. ఆ తర్వాత కూడా మాట మార్చలేదు.

దారిలో ఆవిడ కాళ్ళకి దణ్ణం పెడదామనుకున్నాను. నోరు తెరవకముందే తిట్లు లంకించుకుంది. "దాక్కుంటావా? దొంగదానివా నువ్వు? నోరు కడుక్కోవాలంటే నడిమధ్యలో కూర్చుని కడుక్కోవాలి. నీ మూలాన నా నోరు ఊరందరికీ చూపించాల్సి వచ్చింది." ఇంటికి వచ్చేదాకా ఆపలేదు. నాకున్న కాస్త కృతజ్ఞతా ఆ దారిలోనే ఆవిరైపోయింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నమయ్యేసరికి "రావే, కడుక్కో," అని కల్లం నడిబొడ్డున నన్ను కూర్చోబెట్టేది. పుల్ల తనే విరిచి ఇచ్చేది. నేను తోముకుని ఊసేదాకా పక్కన నడుం మీద చేతులేసుకుని, అందరినీ గుడ్లురిమి చూస్తూ నిలబడేది. పండగ వెళ్ళాక చిలకలూరిపేటకి తీసుకెళ్ళి పన్ను పీకించింది. అక్కడ నేను అరిస్తే "ఊరుకో, పరువు తీయకు," అని నోరు నొక్కింది. ఆవిడ పళ్ళు చివరిదాకా ఒక్కటి కదల్లేదు. నాకు దవడ సగం ఖాళీ. అదీ నాకు కోపమే.

మొన్న ఆవిడకి జ్వరం పట్టుకుంది. మూడొంతుల మనిషి పోయింది, ఆ పెంకితనం మాత్రం పోలేదు. జబ్బు మనిషికి ఒకపొద్దు లేదు, తర్వాత తీర్చుకోవచ్చు, నీళ్ళు తాగమని హజ్రత్ గారే గుమ్మం దాకా వచ్చి చెప్పి వెళ్ళారు. మందు తెచ్చిన కాంపౌండరూ చెప్పాడు. పళ్ళు బిగబట్టి మొహం తిప్పేసుకుంది. నేను అరిచాను. "చస్తావా ఏంటి మొండిముండా," అన్నాను. అన్నాను, అన్నందుకు నాకేం బాధ లేదు. ఆవిడా నన్ను అలాగే అనేది.

ఆ మంగళవారం సాయంత్రం కళ్ళు సరిగా ఆనలేదు ఆవిడకి. తలుపు వేసి ఉంది, గది చీకటిగా ఉంది. మంచం చుట్టూ వీధి ఆడవాళ్ళు. ఆవిడ అటూ ఇటూ తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే, పొద్దు గూకిందా?"

ఆడవాళ్ళందరూ నాకు సైగ చేశారు, గూకిందని చెప్పు, నీళ్ళు పొయ్యి అని. ఒకామె గ్లాసు అందించింది కూడా. ఒక్క మాట అంటే చాలు, తాగుతుంది. ఆవిడ గొంతు ఎండి పిట్టలా కొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. గదిలో ఇంతమంది ఉండగా ఆవిడ నన్నే అడిగింది.

"ఇంకా గూకలేదత్తా," అన్నాను.

గ్లాసు పట్టుకున్నామె నన్ను పాపిష్టిదాన్ని చూసినట్టు చూసింది. చూసుకోనీ.

నేను మెత్తటి గుడ్డ ఒకటి తడిపి, గట్టిగా పిండి, చూపుడు వేలికి చుట్టుకున్నాను. "నోరు తుడుస్తానత్తా, చుక్క లోపలికి పోనివ్వను," అన్నాను. ఆవిడ పళ్ళ బిగువు వదిలింది. నోరు తెరిచింది. పై చిగురు, కింది చిగురు, ఒక్కో పన్నూ, ఎండి అట్టకట్టిన నాలుకా నెమ్మదిగా తుడిచాను. ఆనని కళ్ళనే చిట్లించి నా చేతి వంకే చూస్తోంది ఆవిడ. అప్పటికీ నమ్మకం లేదు మనిషికి. కానీ నేను వేలు వెనక్కి తీసుకునేదాకా నోరు మాత్రం మూయలేదు.