నాను అంటే నాన్న కాదు

మా మేనత్త పోయింది. ఆదివారం పొద్దున్నే కూర్మన్నపాలెం నుంచి బావ ఫోన్ చేసి, "అమ్మ లేదే" అన్నాడు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. రాస్తుంటే కూడా ఏడుపు ఆగడం లేదు.

అత్త ఫోన్‌లో మాట్లాడుతూ చేతులు ఊపేది, కొంగు సర్దుకునేది. మా ఇంటి మాట "నాను" వదిలి, నేను బడిలో పిల్లలకు నేర్పినట్టు "నేను" అంటే ఊరుకునేది కాదు. "ఏటే, ఇంట్లో కూడా టీచరమ్మవేనా?" అనేది.

పోయినేడు మెట్ల మీద జారిపడి ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కడ మనుషులు ఎత్తరు. మన మాట విని, ఎవరిని ముందు చూడాలో తేల్చే ఏఐ ఎత్తుతుంది.

"నాను పడిపోనాను" అంది అత్త.

"మీ నాన్నగారి వయసు చెప్పండి" అందది.

"మా నాన్న ఎప్పుడో పోనాడమ్మా, పడింది నాను!"

ఎంత చెప్పినా దానికి ఎక్కలేదు. పడింది నాన్నే అని రాసుకుంది, నడుము దెబ్బతిన్న అత్తకి వైద్యం ఆలస్యమైంది. పైగా నాన్నగారికి ఎలా ఉందంటూ అదే అప్పుడప్పుడు ఫోన్ చేసేది. "బాగున్నాడు, పైన" అనేది అత్త. వీధంతా నవ్వేది. ఆవిడ నడుము మాత్రం బాగుపడలేదు.

ప్రాణాల మీదికి తెచ్చే ఇలాంటి ఏఐలకు ప్రభుత్వం నిబంధనలు రాస్తూ జనం మాట వింటోందని తెలిసి, నడుముకి బెల్టు కట్టుకుని సభకు బయల్దేరింది. తోడు నేను వెళ్ళాను.

"మిసను ఒద్దనట్లేదు బాబూ. అది మా మాట తప్పుగా ఇంటే ఆపడానికి ఓ మనిసిని ఎట్టండి. ఆ మనిసి ఎవులో మాకు సెప్పండి" అంది.

"భాషా సమస్యన్నమాట" అన్నాడు అధికారి.

"నా బాసకేటైంది? దాని సెవులు సూడండి."

ఆయన నవ్వేసి, అత్త అన్నది అన్నట్టే రాసుకున్నాడు. అప్పట్నుంచి నేను కనబడితే చాలు, "వచ్చేయేటే రూల్సు?" అని అడిగేది. ఇంకా రాలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా గుండెల్లో నొప్పి వచ్చిందట. బావ ఆసుపత్రికి ఫోన్ చెయ్యబోతే చెయ్యి పట్టుకుందట. "ఆ ఫోను ఒద్దురా. మల్లీ మా నాన్న గురించే అడుగుతాది. ఆటో పిలు." ఆటో గాజువాక దాటకముందే అత్త పోయింది.

నిన్న ఆవిడ మంచం దగ్గర కూర్చుని ఉంటే, దిండు పక్కన ఆవిడ ఫోన్ మోగింది. మీ నాన్నగారికి ఇప్పుడు ఎలా ఉందని అడిగింది ఆసుపత్రి ఏఐ. మనిషినెవరినైనా పిలవమన్నాను. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమంది. ఏడుపులో చదువుకున్న తెలుగు రాలేదు.

"నాను మాటాడతన్నాను... మా అత్త పోయింది."

"మీ నాన్నగారి వయసు చెప్పండి" అందది.