లెక్కలు చెప్పిన డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయారు. పదో తరగతిలో నాతో చదివి, ఇప్పుడు జహీరాబాద్‌లోనే టైర్ల దుకాణం నడుపుకుంటున్న మిత్రుడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "సారు లేడు. నిద్రలనే పాణం పోయింది. మద్యాన్నం నమాజయినంక తీస్కపోతరట. వస్తవా?" అన్నాడు. ఉన్న చీరలోనే బయల్దేరి సంగారెడ్డిలో బస్సెక్కాను. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, సుఖంగా పోయాడు, ఏడవాల్సిన పని లేదని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. సదాశివపేట దాటేలోపే కొంగు తడిసిపోయింది.

ఆ ఇంట్లో మా తరగతివాళ్లం నలుగురం కలిశాం. సారు మనుమరాలు మాకు చాయ్ ఇస్తూ, "దాదా మీకు ఆటలు నేర్పించిండా?" అని అడిగింది. నలుగురం ఒక్కసారే "లెక్కలు" అన్నాం. వేరే ఇంటికి పోవాల్సినవాళ్లం దారి తప్పి వచ్చామన్నట్టు ఆ పిల్ల మమ్మల్ని చూసింది. ఆమె తప్పేం లేదు. సారు ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పుకున్నట్టు లేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మాట ఇది. సారుకు అప్పటికి నలభై దాటి రెండు మూడేళ్లు. కాన్వాస్ బూట్లు, మెడలో విజిలు, ప్యాంటుకు ఎప్పుడూ సున్నం మరకలు. కోర్టులకు గీతలు గీయడం ఎవరికీ అప్పగించేవారు కాదు. తాడు పట్టుకుని తానే లాగి, సున్నం పొడి తానే చల్లేవారు. గీత వంకర పోతే చెరిపి మళ్లీ గీసేవారు. మేం మెల్లగా నడిస్తే, "కాళ్లు నీవేనా, కిరాయికి తెచ్చుకున్నవా?" అనేవారు. కొట్టేవారు కాదు. పక్కన నడుస్తూ మన నడకను అచ్చం అలాగే నడిచి చూపించేవారు. దెబ్బలే నయమనిపించేది.

మా పదో తరగతి ఏడు దసరా సెలవులయ్యాక బడికి పోతే లెక్కల సారు లేడు. బదిలీ అయింది. ఆయన జాగాలో ఎవరూ రాలేదు. పిల్లలు గోల చేయకుండా చూడమని హెడ్మాస్టరు ఆ పీరియడుకు డ్రిల్లు సారును పంపించారు. ఇక ఆటలేనని మగపిల్లలు ఎగిరి గంతేశారు. సారు లోపలికొచ్చి చాక్‌పీసు చేతిలోకి తీసుకుని కాసేపు బోర్డు వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత మావైపు తిరిగారు.

"సూడున్రి పిల్లలూ, నాకు లెక్కలు రావు. నేను మెట్రిక్‌ల రెండు సార్లు తప్పిన. మూడోసారి బయటపడ్డ. గా భయం ఎట్లుంటదో మాత్రం మంచిగ ఎరుక. ఊకె కూసుంటె మీరు సుత తప్పుతరు. ఒక పని చేద్దాం. నేను రోజు కొంచెం నేర్సుకొని వస్త, మీకు చెప్త. తప్పు చెప్తె చెయ్యెత్తున్రి."

చెయ్యెత్తమన్న సారును మేమంతవరకు చూడలేదు. మొదటివారంలోనే పదిసార్లు ఎత్తాం. అందులో ఏడుసార్లు మాదే తప్పు. ఆయన ఒక్కసారీ చిన్నబుచ్చుకోలేదు.

రోజూ పొద్దున ఆయన సైకిలు మీద ఒక రిటైరైన ఓవర్సీరు ఇంటికి పోయి గంటసేపు కూర్చుని నేర్చుకునేవారు. అక్కడ విన్నది బడికొచ్చి మాకు చెప్పేవారు. ఇంకో చిక్కుంది. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. త్రిభుజం ఆయనకు ముసల్లస్, కోణం జావియా. మా పుస్తకంలోని మాటలు ఒక చిన్న కాగితం మీద ఉర్దూ అక్షరాల్లో రాసుకుని చూసి చదివేవారు. "అనులోమానుపాతం" అనే మాట దగ్గర ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం అనేవారు. మేం నవ్వేవాళ్లం. "నవ్వున్రి, కని నేర్సుకోన్రి" అనేవారు.

నాకు లెక్కలంటే భయం. మాది ఝరాసంగం పక్క ఊరు. జొన్న, కంది తప్ప మరో పంట ఎరగని మెట్ట చేను. మా నాయిన బడి మొహం చూసినవాడు కాదు. నన్ను పదో తరగతి దాకా పంపడమే మా వాడకట్టులో వింత. నాకు నర్సు కావాలని ఉండేది. అమ్మకు జబ్బు చేసినప్పుడు దవాఖానలో ఒక నర్సమ్మ తెల్లబట్టలతో నిలబడి డాక్టరును కూడా గదమాయించడం చూశాను, అప్పటి నుంచి. నర్సు ట్రైనింగుకు పది పాసు కావాలి. నాయిన ఒక్కటే మాట చెప్పాడు. "అన్నిట్ల పాసయితె పంపుత. ఒక్కదాంట్ల పోయినా చదువు బంద్. చేన్ల పనున్నది." ఆ ఒక్కటి ఏదో ఇంట్లో అందరికీ తెలుసు.

నాకొక ఉపాయం తట్టింది. లెక్క రాకపోతే బట్టీ పట్టాలి. జ్యామితి సిద్ధాంతాలన్నీ పద్యాల్లాగా నోటికి పట్టాను. గీతల ఎత్తు, అక్షరాల వరస, "కావున" ఎక్కడొస్తుందో, అన్నీ. నేనే కాదు, తరగతిలో అందరిదీ ఇదే ఉపాయం. పబ్లిక్ పరీక్షకు ముందు బడిలో పెట్టిన పరీక్షలో అదే సిద్ధాంతం వచ్చింది. కానీ త్రిభుజానికి ఏబీసీ బదులు పీక్యూఆర్ అని పేరు పెట్టి, కొన కిందికి దించారు. నలభై ఆరుమందిలో నలభైమందికి పైగా పీక్యూఆర్ బొమ్మ వేసి కింద ఏబీసీ అనే రాసుకుంటూ పోయాం. నేను ఒక అడుగు ముందుకేసి, కాగితాన్ని తలకిందులు చేసి, అదే మా పుస్తకంలోని బొమ్మ అని రాసిపెట్టాను.

కాగితాలు చూసి సారు ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. ఆయన అందరినీ గ్రౌండుకు తీసుకుపోయారు. కబడ్డీ కోర్టు పక్కన సున్నంతో ఇరవై అడుగుల త్రిభుజం గీశారు. మూడు మూలల్లో ముగ్గురిని నిలబెట్టి, మిగతావాళ్లను చుట్టూ కూర్చోబెట్టారు.

"పైకొన ఎవని దిక్కున్నది?"

ఎవరికి వాళ్లం వేరే వేరే మూల చూపించాం.

"కబడ్డీ కోర్టు ఈ దిక్కు నుంచి చూస్తె కబడ్డీ, ఆ దిక్కు నుంచి చూస్తె ఖోఖోనా?" అన్నారు సారు. తర్వాత మూలల్లో ఉన్న ముగ్గురినీ మార్చి మార్చి నిలబెట్టారు. "ఇప్పుడు పేర్లు మారినయి. మూల కదిలిందా?"

ఆ తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరిని గీత మీద నడిపించారు. మూల రాగానే "తిరుగు!" అని కేక. మూడు మూలల్లో తిరిగి మొదలుపెట్టిన చోటుకు వస్తే, మళ్లీ మొదట చూసిన వైపే చూస్తున్నాం. మూడు తిరుగుళ్లు కలిపితే ఒక పూర్తి చుట్టు అన్నమాట. అది ఓవర్సీరు చెప్పింది కాదట, డ్రిల్లు చేయించే మనిషికి దానంతట అదే తట్టిందట. ఆ రోజు ఆయన సంతోషం చూడాలి. ఇంకో త్రిభుజం గీసి మళ్లీ నడిపించారు. ఇంకా పొడుగ్గా ఇంకోటి. పొద్దు వాలేదాకా నడిచాం. నా జీవితంలో లెక్క అర్థమవడమంటే ఏమిటో ఆ సున్నం మీద నడుస్తుంటే తెలిసింది.

అయితే తెలిసింది తెలిసినట్టే ఉన్నా, పరీక్ష దగ్గరికొచ్చేసరికి భయం భయమే. మార్చి చివరివారం బడిలో జ్వరం లాంటిది వ్యాపించింది. హైదరాబాద్ నుంచి ముఖ్యమైన ప్రశ్నల కాగితం వచ్చిందని ఒకడు, బొంబాయి లారీ డ్రైవరు ఇచ్చాడని ఇంకొకడు. ఎవరి కాగితం వాళ్లు రహస్యంగా రాసుకున్నాం. నేను ఝరాసంగం గుడిలో కొబ్బరికాయ మొక్కుకుని, అది చాలదేమోనని దర్గాలో దారం కూడా కట్టాను. సారు మా కాగితాలన్నీ గుంజుకుని బల్ల మీద పరిచి చదివారు. అన్నీ కలిపితే పుస్తకంలో మిగిలింది విషయసూచిక ఒక్కటే.

"ముఖ్యమైనయి మంచిగనే ఏరిన్రు" అని అవన్నీ మడిచి తన జేబులో పెట్టుకున్నారు.

లెక్కల రెండో పేపరు రోజు మా పరీక్ష సెంటరు ముందు ఎలా ఉండాలో అలాగే ఉంది. ఒకడు గైడు తిరగేస్తూనే ఉన్నాడు. ఒకమ్మాయి గోడ పక్క వాంతి చేసుకుంటోంది. నేను ఏ సిద్ధాంతం తలుచుకున్నా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. ఇంతలో విజిలు. "సావధాన్!" అలవాటైన కాళ్లు వాటంతటవే వరసలో నిలబడ్డాయి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. సారు పుస్తకాలన్నీ తీయించి గోడవారగా పెట్టించారు. ఒక్కొక్కరి ముందుకు వచ్చి, "రానిది అడగను. వచ్చింది ఒక్కటి చెప్పు" అన్నారు. నా ముందుకొచ్చినప్పుడు నాకు సమాంతర రేఖలు తప్ప ఏదీ గుర్తు రాలేదు. అదే చెప్పాను. "షాబాష్ బేటీ. గదే పట్టుకొని లోపలికి పో" అన్నారు.

లోపల ప్రశ్నపత్రంలో త్రిభుజం పేరు ఎల్ఎంఎన్. పక్కకు ఒరిగి పడుకున్నట్టుంది. కొన ఎవరి దిక్కున్నది అనుకుని, నవ్వొచ్చి, రాయడం మొదలుపెట్టాను.

బయటికొస్తే గేటు దగ్గర నాయిన కనిపించాడు. ఊరికి తీసుకుపోదామని వచ్చాడు. "ఎట్ల రాసినవ్?" అన్నాడు. "మంచిగనే" అన్నాను కానీ నా గొంతు నాకే నమ్మకంగా లేదు. మేం బస్టాండు వైపు కదలబోతుంటే సారు ఆపారు. "నీ ప్రశ్నల కాగితం జర ఇస్తవా బేటీ? మీకు బస్సు ఆలస్యమైనా ఏమనుకోకున్రి. నాకొక సాయం కావాలె" అని నాయినతో కూడా అన్నారు.

మమ్మల్ని మా బడికి తీసుకుపోయారు. ఎవరూ లేరు. మా తరగతి గదిలో పిల్లల బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. చేతి గడియారం విప్పి నాకిచ్చారు. "రెండున్నర గంటలు. పుస్తకం దిక్కు చూస్తె కాయిదం గుంజుకో" అన్నారు. అప్పుడు తలొంచుకుని చెప్పారు. "మూడోసారి నేను పాస్ కాలేదు బేటీ. పక్కోని కాయిదం చూసి రాసిన. నేను నిజంగ పాసయ్యేటోడినో కానో ఇప్పటిదాంక నాకే ఎరుక లేదు. మిమ్ములను భయపడకున్రి అని లోపలికి పంపి, నేను గేటు బయట నిలబడ్డ. నాకే సిగ్గయింది."

నాయిన గుమ్మం దగ్గర కూర్చుని బీడీ కూడా ముట్టించకుండా చూశాడు. సారు రాస్తూ చెమటలు తుడుచుకోవడం, ఒకచోట కొట్టేసి మళ్లీ మొదలుపెట్టడం, పెన్ను నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూడటం, అన్నీ చూశాడు. బస్సు వెళ్లిపోయే వేళయింది. లేవలేదు. చాలాసేపటికి నాతో మెల్లగా అన్నాడు.

"గంత పెద్ద సారుకే గింత భయమున్నది. నువ్వు తప్పితె మల్ల రాయి బిడ్డా. ఎన్నిసార్లయినా రాయి. చేన్ల పని నేను చూసుకుంట."

మళ్లీ రాయాల్సిన అవసరం రాలేదు. పాసయ్యాను, ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేశాను. కానీ నా భయం పోయింది ఫలితాలొచ్చిన రోజున కాదు, ఆ గుమ్మం దగ్గర.

టైము కాగానే సారు కాగితాలు నా చేతికిచ్చి దిద్దమన్నారు. నాకు వచ్చినంతవరకు దిద్దాను. ఒక లెక్క చివర తప్పింది. జాలిపడి మార్కులు వేయబోతే పైనుంచి చూసి, "వద్దు. వేరేటోళ్ల మార్కులతోని ఇరవై ఏండ్లకెక్కువ బతికిన. సున్న పెట్టు" అన్నారు. నేనున్నన్ని దినాలు ఎవ్వరికీ చెప్పకున్రి అని మా ఇద్దరినీ అడిగారు. నాయిన పోయేదాకా ఆ మాట తప్పలేదు. నేను నిన్నటిదాకా.

యాభైకి పద్దెనిమిది వస్తే పాసు. కూడితే ఇరవై ఒకటి వచ్చింది. నమ్మకం కుదరక వేళ్లు మడుస్తూ మళ్లీ కూడుతున్నాను. సారు బల్ల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని, నా వేళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. సారు నిలబడి ఉంటే తాను కూర్చోవడం బాగుండదనుకున్నాడేమో, మా నాయిన కూడా తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఆయన పక్కనే వచ్చి నిలబడ్డాడు.