సగం క్షవరం

కార్వర్స్ బెండ్‌లో పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి పౌరుల బోర్డు పెట్టినప్పుడు, ఊళ్లో అందరినీ ఎరిగిన మనిషి ఒకరు అందులో ఉండాలన్నారు. మంగలి లెమ్యూల్ ట్రాటర్‌ని మించినవాడు దొరకలేదు. నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో నల్లవాళ్ల తలల్లో సగం లెమ్యూల్ తాత కత్తెర కిందే పెరిగాయి. పైగా చర్చిలో డీకను, అంటే సంఘ పెద్ద. అబద్ధం ఆడడు. ఆడినా లాభం లేదు, చెవులు కదిలి పట్టిచ్చేస్తాయి.

తీరా మొదటి కేసు వచ్చేసరికి నగర లాయరు ఒక నియమం చదివాడు. ఫిర్యాదు చేసినవాళ్లను గాని, ఆ పోలీసును గాని ఎరిగిన సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి. తాత వెళ్లాడు. రెండో కేసుకీ వెళ్లాడు. అందరినీ ఎరుగుదువని పిలిచారు, అందరినీ ఎరుగుదువని బయట కూర్చోబెట్టారు. నాలుగేళ్లలో ఆయన ఒక్క ఓటూ వేయలేదు గాని, వరండాలో బల్ల మీద ఆయన కూర్చునేచోట మాత్రం వార్నీషు పోయింది.

ఇంట్లో అందరూ నవ్వుకునేవారు. తాత నవ్వేవాడు కాదు. బోర్డులో ఐదుగురు. తాత పోతే నలుగురు. ఆ నలుగురూ ఎప్పుడూ ఇద్దరటు, ఇద్దరిటు. సమానమైతే ఫిర్యాదు రుజువు కానట్టే లెక్క. తలుపు తీసుకుని బయటికొచ్చే ముఖాలన్నీ ఆ బల్ల మీద నుంచి ఆయనే చూడాలి. ఆ రాత్రులు మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని, తినకుండా దాని మీద వెన్న రాస్తూ కూర్చునేవాడు.

ఒక ఫిబ్రవరిలో అదృష్టం పండింది. ఫిర్యాదు చేసినవాడు జార్జియా నుంచి ఊరి మీదుగా పోయిన లారీ డ్రైవరు, రాయిస్ టేటమ్. పోలీసు నెబ్రాస్కా నుంచి కొత్తగా వచ్చినవాడు. తాత ఇద్దర్నీ ఎరగడు. కలరా ఉండల వాసన కొట్టే సూటు దులిపాడు. అద్దం ముందు నిలబడి "రుజువైంది" అనడం సాధన చేశాడు. పక్షపాతం ఉండకూడదని "రుజువు కాలేదు" అనడం కూడా సాధన చేశాడు.

విచారణ రోజు పొద్దున్నే షాపులోకి పొడుగాటి మనిషి ఒకడు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "నీట్‌గా చెయ్యి పెద్దాయనా. సాయంత్రం పెద్దల ముందు నిలబడాలి."

తాత కుడివైపు మిషన్ పెట్టాడు. కుడివైపు పూర్తయింది.

"మీ ఊరి పోలీసు నన్ను రోడ్డు మీద..." అని మొదలుపెట్టాడు ఆ మనిషి.

మిషన్ ఆగింది. "బాబూ, నీ పేరు?"

"రాయిస్ టేటమ్."

తాత చప్పున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంకొక్క మాట మాట్లాడకు."

"ఏం, కోసుకుందా?"

"నీకు కాదు, నాకు."

మంగలి కుర్చీలో నోరు మూసుకున్న మనిషిని తాత తన జన్మలో చూడలేదు. తల పూర్తి చేసేలోపు కథంతా వింటాడు, విన్నాక బయట బల్లే గతి. వదిలేస్తే సగం దున్నిన చేనులాంటి తలతో ఇతను బోర్డు ముందు నిలబడాలి. ఊళ్లో ఇంకో మంగలి ఒక్కడే, ఎదురుగా పర్సీ ఓడమ్. ఒకప్పుడు తాత షాపులోనే రెండో కుర్చీ అతనిది. ఒక శనివారం చెప్పాపెట్టకుండా పోయి రోడ్డుకు అవతల షాపు తెరిచాడు. ఆనాటి నుంచి పర్సీ పేరెత్తితే తాత ఒకటే అనేవాడు: "ఆ మనిషెవరో నాకు తెలీదు." చెవులు ఊగిపోయేవి.

మెడకు కట్టిన గుడ్డ కూడా విప్పకుండా రాయిస్‌ని రోడ్డు దాటించాడు.

"ఏం డీకన్, దారి తప్పావా?" అన్నాడు పర్సీ.

"ఈ తల పూర్తి చెయ్యి."

"మొదలుపెట్టిందెవరు, గుడ్డివాడా?"

"పర్సీ..."

"అబ్బో, నా పేరు గుర్తుందే! అడుగు. సరిగ్గా అడుగు."

చెక్కర్స్ ఆడుతున్న ముసలాళ్లు ఆట ఆపారు. తాత టోపీ తీశాడు. "దయచేసి చెయ్యి, పర్సీ. నువ్వు తప్ప నాకు దిక్కు లేదు."

"ఇంకోసారి అను, మిషన్ చప్పుడులో వినపడలేదు."

"మిషన్ ఇంకా వెయ్యలేదురా!"

"మీ గొడవ తర్వాత చూసుకోండయ్యా," అన్నాడు రాయిస్, "నాకు ఒక చెవే చల్లగా ఉంది."

సాయంత్రం తాత లేచి జరిగిందంతా బోర్డుకు చెప్పాడు. లాయరు పుస్తకం తెరిచాడు.

"డబ్బు తీసుకున్నారా?"

"లేదు."

"ఉచితంగా చేశారా?"

"లేదు. పూర్తి కాలేదు."

సగం క్షవరం గురించి పుస్తకంలో ఏమీ లేదు. అధ్యక్షురాలు వెర్నాడీన్ సైక్స్ ఒకప్పుడు స్కూలు బస్సు నడిపింది. వెనక సీట్లో అబద్ధాలు అద్దంలోనే పట్టేసేది. "లెమ్, ఇతని గురించి నీకేం తెలుసు?"

"కుడివైపు రెండు సుడులున్నాయమ్మా."

"కేసు గురించి?"

"ఏమీ తెలీదు. నోరు మూశాను."

ఆమె ఆయన చెవులకేసి చూసింది. కదల్లేదు. "కూర్చో."

నాలుగేళ్ల తర్వాత తాత లోపల కూర్చుని విన్నాడు. పోలీసు తనను కరుగుతున్న మంచు బురదలో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడని, భార్య ఫోన్లో అంతా విన్నదని రాయిస్ చెప్పాడు. చొక్కాకు తగిలించుకున్న కెమెరా పనిచేయలేదని, అతనెవరో ఏమిటో తెలియక భద్రత కోసం అలా చేశానని పోలీసు చెప్పాడు.

"బాబూ, కాగితాలు ఎప్పుడు చూపించాడు?" అని తాత పోలీసును అడిగాడు.

"ఆపగానే."

"సరిగ్గా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మోకాళ్ల మీద ఎప్పుడు కూర్చోబెట్టావు?"

"ఆ తర్వాత."

ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. అంత సాధన చేసిన మాటను తాత పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా అన్నాడు. వెర్నాడీన్ మళ్లీ చెప్పమంది. "రుజువైంది," అన్నాడు, వీధిలోకి వినపడేంత గట్టిగా.

బోర్డు మాట సిఫారసే, శిక్ష పోలీసు పెద్ద ఇష్టం. అయినా రాయిస్ ఆ మాట రాసిచ్చిన కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తట్టుకున్నాడు. తాత చెయ్యి పట్టుకుని, ఎడమవైపు క్షవరం మహా బాగా కుదిరిందన్నాడు. ఎడమవైపు పర్సీది.

మరుసటి నెల పర్సీ ఓడమే ఫిర్యాదు తెచ్చాడు. ఒక పోలీసు షాపు ముందు అతన్ని నానా మాటలూ అన్నాడట. ఇతన్ని ఎరిగినవాళ్లు ఉన్నారా అని లాయరు అడిగాడు. ముందు వరసలోంచి పర్సీ తాతకేసి గుడ్లురిమాడు. "ఆ మనిషెవరో నాకు తెలీదు" అన్న పాత మాట ఒక్కటి అంటే చాలు, తాతకు ఓటు ఉంటుంది.

తాత టోపీ అందుకున్నాడు. "ఎరుగుదును."

"ఇన్నాళ్లకు ఇప్పుడా గుర్తొచ్చింది?" అన్నాడు పర్సీ.

తాత వరండాలో పాత బల్ల మీద కూర్చున్న చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆ ముఖం చూడగానే తాతకు తెలిసిపోయింది, ఇద్దరటు, ఇద్దరిటు. పర్సీ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"జరుగు," అన్నాడు.

తాత వార్నీషు ఉన్నవైపుకి జరిగాడు.